ఆర్హుస్ నమూనా

యువత హింసాత్మక తీవ్రవాదం వైపు మళ్లకుండా డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పోలీసులు, నగరపాలక సంస్థ 2007 నుంచి కలిసి నడుపుతున్న నివారణ విధానం ఆర్హుస్ నమూనా. బాలనేరాల నివారణకు పాఠశాలలు, సంక్షేమ శాఖ, పోలీసులు 1970లలో ఏర్పరచుకున్న సహకారమే దీనికి పునాది. కొడుకు తీరు మారిందని తల్లో, టీచరో చెబితే అది మతనిష్ఠా, కౌమారపు తిరుగుబాటా, నిజమైన ముప్పా అన్నది అధికారులు ముందు తేలుస్తారు. ముప్పే అయితే మెంటర్‌ను కేటాయిస్తారు.

తీవ్రవాదులను బుజ్జగించడమేనన్న విమర్శ నిలవదు: నేరానికి ఆధారం దొరికితే విచారణ తప్పదు. సాయం పేరిట నిఘా అన్న అభ్యంతరం మాత్రం బరువైనది; నమ్మకం చెడితే ఏ తల్లీ నోరు విప్పదు. 2013 చివరికి నగరం నుంచి సుమారు 30 మంది సిరియా యుద్ధానికి వెళ్లగా, 2014లో వెళ్లింది ఒక్కరే. ఈ తగ్గుదల పూర్తిగా ఈ విధానం ఫలితమేనని అంకెలు రుజువు చేయవు. అరెస్టులతోనే అది సాధ్యమన్న వాదనను మాత్రం బలహీనపరుస్తాయి.