ప్రతినాయకునిపై సానుభూతి: మందోదరి స్థానము

ప్రతినాయకుడు సర్వథా నింద్యుడేనా, లేక ప్రేక్షకుని సానుభూతికి పాత్రుడు కాదగునా అను చర్చ నేడు హైదరాబాదు తూర్పు భాగమున తరచుగా వినవచ్చుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల ప్రాంతమున పోటీపరీక్షల కోచింగు సెంటర్లును, వానిని ఆశ్రయించిన హాస్టళ్లును పెక్కులు కలవు. జిల్లాలనుండి వచ్చి యచట వసించు యువకులు రాత్రివేళ సెల్‌ఫోనులలో నేరకథా ధారావాహికలను చూచి, మరునాడు టీ దుకాణముల కడ అందలి దుష్టపాత్రల పక్షమున వాదించుట మేము వినుచున్నాము. ఇది టెలివిజన్ తెచ్చిపెట్టిన వికారమని పెద్దలు కొంద రనుచున్నారు. ఆ యభిప్రాయము చరిత్రపరీక్షకు నిలువదు. అయినను పాత సానుభూతికిని క్రొత్త సానుభూతికిని నడుమ ముఖ్యమైన భేద మొకటి కలదు. దానిని నిరూపించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట లక్షణకర్తల మతమును చూతము. ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లుబ్ధునిగను, ధీరోద్ధతునిగను, పాపకర్మునిగను, వ్యసనిగను లక్షించెను. దండి కావ్యాదర్శమున శత్రువు యొక్క వంశమును, శౌర్యమును, విద్యను ముందు వర్ణించి, అట్టివానిని గెలుచుటచే నాయకుని యుత్కర్షమును చెప్పుట హృద్యమనెను. ఈ మతమున శత్రువు గుణములు నాయకుని కొలుచుటకు కొలబద్దలు. 1912 మొదలుకొని టి. గణపతిశాస్త్రి తిరువనంతపురమున ప్రకటించిన భాసనాటకములలోని ఊరుభంగము ఇంతకంటె ముందునకు పోయినది. తొడలు విరిగి పడియుండి, ఒడిలో కూర్చుండవచ్చిన పసికుమారుని వారింపవలసివచ్చిన దుర్యోధనుడు అందు కేవలము శత్రువు కాడు, తండ్రి.

తెలుగున నీ మార్గము మరింత విశాలమైనది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములలో దుర్యోధన పాత్ర ప్రసిద్ధనటులు కోరి ధరించిన పాత్ర. త్రిపురనేని రామస్వామిచౌదరి 'కురుక్షేత్ర సంగ్రామము'న కౌరవపక్షమునే వహించెను. చలనచిత్రములలో ఎన్.టి. రామారావు 'భూకైలాస్' (1958), 'సీతారామకల్యాణము' (1961) చిత్రములందు రావణుడుగను, 'శ్రీకృష్ణ పాండవీయము' (1966), 'దానవీరశూరకర్ణ' (1977) చిత్రములందు సుయోధనుడుగను నటించెను. కడపటి చిత్రమునకు కొండవీటి వేంకటకవి రచించిన సంభాషణలలో, కర్ణుని కులమును ప్రశ్నించిన వారికి సుయోధను డిచ్చిన సమాధానమును కంఠస్థము చేసి చెప్పువారు నేటికిని గలరు. ఇచట నొక వివేకము అవసరము. 'నర్తనశాల' (1963)లో కీచకుడుగా ఎస్.వి. రంగారావు నటనను మెచ్చనివారు లేరు. కాని కీచకుని పక్షమున వాదించినవారును లేరు. నటునిపై మెప్పు వేరు, పాత్రపై సానుభూతి వేరు. సైరంధ్రి భయము ప్రేక్షకుని కన్నుల యెదుట నున్నంతకాలము కీచకునికి సానుభూతి దొరకదు.

ఈ యుదాహరణమే మా ప్రతిపాదనకు మూలము. మన యితిహాసములు ప్రతినాయకునికి గొప్ప గొంతునిచ్చినవి; దానితోపాటు అతని ప్రక్కనే మరియొక గొంతును నిలిపినవి. రావణుని చెంత మందోదరి, విభీషణుడు. దుర్యోధనుని చెంత గాంధారి, విదురుడు. వీరు శత్రువులు కారు, ఆత్మీయులు. యుద్ధకాండమున మందోదరి భర్త శవముపై బడి విలపించుచునే, సీతను చెరపట్టుటయే అతని చేటునకు హేతువని పలుకును. గాంధారి ఉద్యోగపర్వమున సభకు వచ్చి కుమారుని మందలించును. స్త్రీపర్వమున నతనికై యేడ్చును. ఈ రెండు పర్వములును తిక్కన చేతిమీదుగా తెలుగువారికి లభించినవి. శోకమును తీర్పును ఒక్క నోటనే వినిపించుట యీ సంప్రదాయము యొక్క ప్రత్యేకత. ఆ మందోదరినే మనవారు పంచకన్యలలో నొకతెగా ప్రాతఃకాలమున స్మరించుచున్నారు.

ఇక టెలివిజన్ విషయము. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో నెలకొన్నది. 1987లో 'రామాయణ్', 1988లో 'మహాభారత్' ప్రారంభమై, కథను వారవారము కొంచెముగా చూచుట జనులకు అలవాటైనది. మూడుగంటల చిత్రమున ప్రతినాయకుని పతనము ఆ రాత్రియే చూతుము. ధారావాహికలో నది వాయిదా పడుచుండును. అమెరికాలో 2008 నుండి 2013 వరకు 62 భాగములుగా ప్రసారమైన 'బ్రేకింగ్ బ్యాడ్' ఇందుకు నిదర్శనము. అందలి రసాయనశాస్త్రోపాధ్యాయుడు క్యాన్సరు సోకగా, కుటుంబపోషణార్థమను నెపమున మాదకద్రవ్యమును తయారుచేయ మొదలిడును. చాలీచాలని జీతముగల యుపాధ్యాయుని కథ కోచింగు సెంటర్ల నడుమ బ్రతుకు విద్యార్థికి సన్నిహితముగా తోచుటలో వింత లేదు. అంతకాలము వానితో సహవసించిన ప్రేక్షకునికి, వాడు పట్టుబడునేమో యన్న భయము తన భయమే యగును.

ఇచటనే భేదము బయటపడుచున్నది. ఆ యుపాధ్యాయుని దుష్కృత్యముల కడ్డుపడిన భార్య స్కైలర్‌పై ప్రేక్షకులలో పెక్కురు ద్వేషము వహించిరి. ఆ పాత్రధారిణి అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో, ఆ ద్వేషము పాత్రను దాటి తనపైకి సైతము వ్యాపించినదని వ్రాసెను. మందోదరి స్థానమున నిలిచిన స్త్రీకి లభించిన ఫలమిది. దోషము రచనది మాత్రమే యనరాదు. ఆ యుపాధ్యాయుడు కన్నులారా చూచుచు చావనిచ్చిన యువతి తండ్రి దుఃఖమును, దాని వలన గలిగిన విమానప్రమాదమును రచయితలు చూపియే యున్నారు. చూపినదానిని ప్రేక్షకుడు మరచినాడు.

ఈ మరపు సాహిత్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో, కోణార్క్, వెంకటాద్రి సినిమాహాళ్ల చేరువ రెండు బాంబులు ప్రేలినవి. బస్సుకై నిలిచినవారు, ఫలహారమునకు వచ్చినవారు బలియైరి. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణదండన విధించెను. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ ఉన్నతన్యాయస్థానము దానిని ధ్రువపరచెను. ఆ బాటను నిత్యము నడచువారికి మృతులు తమవంటి వారు, హంతలు అపరిచితులు. కల్పితకథలో నిది తలక్రిందగును: హంత చిరపరిచితుడు, హతుడు పేరైనను గుర్తులేనివాడు. మన సానుభూతి ధర్మాధర్మములకంటె పరిచయమును అనుసరించి పోవుచున్నదని దీనివలన తేలుచున్నది.

కావున యువకులు ప్రతినాయకుని పక్షమున వాదించుట తప్పని మేము చెప్పము. సుయోధనుని పలుకులను వల్లించిన తరము వారిని తప్పుపట్టజాలదు. అయితే పాత సానుభూతి మందోదరిని వినుచు రావణునికై కన్నీరు విడిచినది. క్రొత్తది ఆమెను తొలగింప జూచుచున్నది. ఆమె మాటకు తావిచ్చిన చర్చయే విమర్శ యగును. తక్కినది హంత తరఫున వకాల్తా మాత్రమే.