నిలిపే తాడు, దాటించే తాడు: మోంటెవెర్డే మేఘారణ్యంలో జిప్‌లైన్ పుట్టుపూర్వోత్తరాలు

వ్యాససంగ్రహం:
స్వాభావికారణ్యం మీదుగా కట్టిన ఉక్కుతీగపై, గిలకకు వేలాడుతూ వేగంగా జారిపోయే వినోదక్రీడ జిప్‌లైన్. దీన్ని సాహసక్రీడల చరిత్రలో ఒక భాగంగా చూడటం పరిపాటి. మధ్య అమెరికాలోని కోస్టారికాలో ఈ క్రీడ రూపుదిద్దుకున్న తీరును పరిశీలిస్తే, దాని మూలాలు అడవి పైకప్పును అధ్యయనం చేసిన జీవశాస్త్రజ్ఞుల తాళ్లలో ఉన్నట్లు తెలుస్తుంది. ఈ పరిణామక్రమంలో తాడు స్వభావమే మారిపోయిందని, చూడటానికి ఎక్కిన తాడు క్రమంగా చూడనివ్వని తాడైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జిప్‌లైన్, వృక్షవితానం, మోంటెవెర్డే, మేఘారణ్యం, పర్యావరణ పర్యాటకం, కోస్టారికా.

1. తాడుకు రెండు పనులు

మనిషి ఎత్తులో తాడును ఆశ్రయించిన సందర్భాలను స్థూలంగా రెండు విధాలుగా విభజించవచ్చు. ఒకటి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరడానికి. రెండు, ఒకచోట నిలిచి పని చేసుకోవడానికి. మొదటిది దాటించే తాడు, రెండవది నిలిపే తాడు. తాటిచెట్టు మీద గీతకార్మికుణ్ణి పట్టి ఉంచే మోకు రెండవ కోవకు చెందినది. నల్లమలలో చెంచులు తేనెపట్టు కోసం కొండచరియ మీది నుంచి దిగే తాడు కూడా అంతే. ఆ తాడు ఎక్కడికీ తీసుకుపోదు. పట్టు ఉన్నచోట మనిషిని ఆపుతుంది. ఈ భేదం గుర్తుంచుకుంటే జిప్‌లైన్ చరిత్రలోని ఒక చిక్కుముడి విడిపోతుంది.

దాటించే తాడుకు హిమాలయ ప్రాంతంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. నేపాల్ లోయల్లో ‘తుయిన్’ అని పిలిచే తాటి దారులు, చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో నూజియాంగ్ నది మీద లీసూ తదితర జాతుల ప్రజలు వాడిన తాళ్లు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. బడిపిల్లలు, రోగులు, పశువులు, సరుకులు అన్నీ ఆ తాటి మీదనే ఏరు దాటేవి. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఆ తాళ్లు వాడిన వారెవరూ వాటిని ఇష్టపడి వాడలేదు. ఈ శతాబ్దంలో రెండు దేశాల ప్రభుత్వాలూ తాళ్ల స్థానంలో వంతెనలు కట్టే పథకాలు చేపట్టాయి. తాడు తప్ప గత్యంతరం లేనివారు వంతెన అడుగుతున్న కాలంలోనే, వంతెనకు కొదవలేనివారు డబ్బు చెల్లించి తాడు ఎక్కుతున్నారు.

తాటి మీద జారడం చూసి జనం డబ్బివ్వడమూ కొత్త కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో రాబర్ట్ క్యాడ్‌మన్ అనే వ్యక్తి చర్చి గోపురాల శిఖరం నుంచి నేల దాకా తాడు కట్టి, గాడి తొలిచిన చెక్కపలకను రొమ్ముకు కట్టుకొని, తల ముందుకు పెట్టి జారేవాడు. 1740 ఫిబ్రవరిలో (అప్పటి పాత కాలెండరు లెక్కలో 1739) ష్రూస్‌బరీలో తాడు తెగి మరణించాడు. తాడును మితిమీరి బిగించడమే కారణమని అక్కడి స్మారకఫలకం చెబుతుంది. యాంత్రికశాస్త్రం దృష్ట్యా ఇది సరైన నిర్ధారణే. రెండు కొసల మధ్య తాడు ఎంత తక్కువ వంగితే దానిలో బిగువు అంత విపరీతంగా పెరుగుతుంది. నేటి జిప్‌లైన్ తీగ నడిమికి కొంత వేలాడి ఉండటానికి కారణం ఇదే. జారే మనిషి ఆ వంపులోకి దిగుతూ వేగం పుంజుకుంటాడు, వంపు దాటి పైకి వస్తూ వేగం కోల్పోతాడు.

అయితే ఏరు దాటే తాడు గాని, గోపురం మీది తాడు గాని అడవికి చెందినవి కావు. అడవి మీదుగా తాడు ఎందుకు కట్టవలసి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం వేరేచోట వెతకాలి.

2. నీటి కోసం మిగిల్చిన అడవి

కోస్టారికా 1948లో సైన్యాన్ని రద్దు చేసుకుంది. అదే కాలంలో అమెరికాలోని అలబామా రాష్ట్రం, ఫెయిర్‌హోప్ ఊరికి చెందిన నలుగురు క్వేకర్ యువకులు నిర్బంధ సైనికసేవకు పేరు నమోదు చేసుకోవడానికి నిరాకరించి జైలుపాలయ్యారు. క్వేకర్లకు యుద్ధంలో పాల్గొనకపోవడం మతధర్మం. సైన్యం లేని దేశాన్ని వెతుక్కుంటూ కొన్ని కుటుంబాలు 1951 నాటికి కోస్టారికా చేరి, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున సుమారు 1,400 హెక్టార్ల భూమి కొని, ఆ చోటికి మోంటెవెర్డే అని పేరు పెట్టాయి. పచ్చని కొండ అని దాని అర్థం. పాడి, జున్ను తయారీ వారి జీవనాధారమయ్యాయి.

పశువుల మేతకు వారు చాలా అడవిని నరికారు. కాని ఏటి నీటి పుట్టుక కాపాడుకోవాలన్న ముందుచూపుతో కొన్న భూమిలో దాదాపు మూడో వంతును, కొండ పైభాగాన, తాకకుండా వదిలారు. జీవవైవిధ్యం అనే మాట వాడుకలోకి రాకముందు తీసుకున్న నిర్ణయమిది. కేవలం తాగునీటి లెక్క. తరవాతి కథంతా ఈ లెక్క మీదే నిలబడింది. 1972లో జీవశాస్త్రజ్ఞుడు జార్జ్ పావెల్, క్వేకర్ రైతు విల్‌ఫర్డ్ గిండన్ పూనుకొని ఆ పరిసరాల్లో మేఘారణ్య రక్షితప్రాంతాన్ని నెలకొల్పారు. అట్లాంటిక్ వైపు నుంచి వీచే తేమగాలి కొండను ఎక్కుతూ చల్లబడి మబ్బుగా మారి చెట్ల మధ్యనే నిలిచిపోతుంది కనుక దీనికి మేఘారణ్యమని పేరు. ఇక్కడ నీరు వానగా కురిసేదే కాదు, ఆకులకు తగిలి మంచుగా జాలువారేది కూడా.

3. పరిశోధకుల తాళ్లు

ఉష్ణమండల అడవిలో జీవరాశిలో అధికభాగం నేల మీద ఉండదు. ముప్ఫై, నలభై మీటర్ల ఎత్తున చెట్ల తలలు కలుసుకొనే పొరలో ఉంటుంది. తెలుగులో దీనికి ‘వితానం’ అనే పాత మాట చక్కగా నప్పుతుంది. పందిరి, చాందిని అని దాని అర్థం. శతాబ్దాల పాటు ఈ వితానం కిందపడిన పూలు, కూలిన చెట్లు, తుపాకి దెబ్బకు రాలిన పక్షుల ద్వారానే శాస్త్రానికి పరిచయమైంది.

1970లలో డొనాల్డ్ పెరీ అనే యువ పరిశోధకుడు కోస్టారికాలోని లా సెల్వా క్షేత్రంలో విల్లుతో సన్నని దారాన్ని కొమ్మల మీదుగా వదిలి, దాని వెంట లావుపాటి తాడు లాగి, పర్వతారోహకుల పద్ధతిలో పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. తరవాత పెద్ద చెట్ల మధ్య తాళ్ల వలను అల్లి, వితానంలో కావలసినచోటికి చేరి అక్కడ ఆగే ఏర్పాటు చేసుకున్నాడు. 1984లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో వచ్చిన అతని వ్యాసంతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు, 1982లో, టెర్రీ ఎర్విన్ పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల తలలకు కీటకనాశిని పొగపట్టి, రాలిన పెంకుపురుగుల జాతులను లెక్కించి, ఉష్ణమండలంలోని కీటకాదుల జాతులు 3 కోట్ల దాకా ఉండవచ్చని అంచనా వేశాడు. ఆ అంచనాను తరవాతివారు చాలా తగ్గించారు. అయినా చెట్ల తలల వైపు శాస్త్రలోకం చూపు తిప్పినది ఆ అంకెయే.

మోంటెవెర్డే వితానాన్ని దీర్ఘకాలం పరిశోధించినవారిలో ముఖ్యురాలు నళినీ నాడ్కర్ణి. ఆమె తండ్రి భారతీయుడు. కొమ్మల మీద పెరిగే నాచులు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు ఆమె అధ్యయనవిషయం. బదనిక అనగానే చెట్టు రసం పీల్చే మొక్క మన మనసులో మెదులుతుంది. ఇవి అలాంటివి కావు, చెట్టును ఆనుకొనడమే తప్ప దాని ఆహారం తీసుకోవు. రాలిన ఆకులు, నాచు కుళ్లి కొమ్మల మీదే మట్టి ఏర్పడుతుంది. కొన్ని చెట్లు తమ కొమ్మల నుంచే వేళ్లు పుట్టించి ఆ మట్టిలోకి పంపుతాయని ఆమె 1981లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించింది. చెట్టు నేలలోనే కాక తన తలమీద కూడా వేళ్లూనుకుంటుందన్నమాట. ఇలాంటి సంగతి గంటల తరబడి ఒకే కొమ్మ పక్కన వేలాడితే తప్ప తెలియదు. ఇది నిలిపే తాడు ఇచ్చిన జ్ఞానం.

4. తాడు చేతులు మారడం

రక్షితారణ్యానికి 1974లో వచ్చిన సందర్శకులు 500 లోపే. 1990ల తొలినాళ్లకు ఆ సంఖ్య ఏడాదికి 50,000కు చేరువైంది. వచ్చినవారందరికీ పరిశోధకులు వర్ణించిన ఆ పైలోకం చూడాలన్న కోరిక సహజం. దానికి రెండు రకాల జవాబులు వచ్చాయి. పెరీ స్వయంగా 1994లో బ్రౌల్యో కరీయో జాతీయోద్యానం పక్కన నెమ్మదిగా కదిలే తీగబండిని ప్రారంభించాడు. దాదాపు అదే కాలంలో మోంటెవెర్డే పరిసరాల్లో మరొక ఏర్పాటు వెలసింది. చెట్టుకు మంచె, మంచె నుంచి మంచెకు తీగ, తీగ మీద గిలక. దానికి ‘కానోపీ టూర్’ అని పేరు, అంటే వితానయాత్ర. పేరులో మాత్రం శాస్త్రం మిగిలింది. ఈ పద్ధతి మీద కోస్టారికాలో మేధోహక్కు పొందిన నిర్వాహకుడొకరికీ, తరవాత వెలసిన ఇతర సంస్థలకూ మధ్య ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. ఏరు దాటడానికి ఎన్నో తరాలుగా వాడుతున్న పద్ధతి ఒకరి సొత్తు ఎలా అవుతుందన్నది అక్కడ ప్రధానవాదం. ఆ వాదనలో న్యాయముంది.

తొలినాటి యాత్రలో వేగం ముఖ్యం కాదు. తోలుచేతొడుగు వేసుకొన్న చేతితో, గిలక వెనక తీగను అదిమి యాత్రికుడే వేగం తగ్గించుకొనేవాడు. మంచె మీద మార్గదర్శి ఆర్కిడ్‌ను చూపి నాలుగు మాటలు చెప్పేవాడు. పోటీ పెరిగే కొద్దీ తీగలు పొడవయ్యాయి. చెట్ల మధ్య నుంచి చెట్ల మీదికి, అక్కడి నుంచి లోయల మీదికి జరిగాయి. చేతితో ఆపే వీలు లేని వేగం వచ్చాక యంత్రపు ఆపుదల వచ్చింది. బోర్లా పడుకొని పక్షిలా జారే తీగలు కిలోమీటరు దాటాయి. అంత ఎత్తున, అంత వేగంలో పోయేవారికి కింద కనిపించేది ఒక ఆకుపచ్చని పరుపు. అందులో కొమ్మ లేదు, నాచు లేదు, మట్టి లేదు. యాత్రికుల అనుభవాన్ని చులకన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మంచె అంచున కాలు గాలిలో పెట్టే క్షణపు భయం, ఆ తరవాతి ఉల్లాసం నిజమైనవే. కాని ఆ ఉల్లాసానికి అడవి అవసరం లేదు. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన తీగలు అడవుల్లో లేకపోవడమే ఇందుకు సాక్ష్యం. 2013లో మొదలైన వేల్స్‌లోని తీగ పలకరాయి తవ్విన గని మీదుగా పోతుంది. 2018లో ప్రారంభమై 2.83 కిలోమీటర్ల పొడవుతో ప్రపంచరికార్డు సాధించిన జెబెల్ జైస్ తీగ రస్ అల్ ఖైమాలోని బోడికొండల మీద ఉంది.

5. పచ్చదనం కింద

జిప్‌లైన్ అడవికి మేలు చేసిందన్న వాదన ఒకటి తరచు వినిపిస్తుంది. నిలబడి ఉన్న చెట్టు నరికిన చెట్టు కన్న ఎక్కువ సంపాదిస్తే ఎవరూ నరకరన్నది దాని సారాంశం. మోంటెవెర్డే చుట్టుపక్కల ప్రైవేటు భూముల విషయంలో దీన్ని కొంతవరకు ఒప్పుకోవచ్చు. పశువుల కొట్టాలున్న కుటుంబాలు అడవి మార్గదర్శులుగా మారడం చిన్న మార్పు కాదు. కాని 1980లలో దేశ విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయిన అడవి నేడు సగం దాటడానికి కారణాలు ఇంకా లోతైనవి. మాంసపు ధరలు పడిపోయి మేతభూములు వదిలేయడం ఒకటి. అడవిని ఇతర అవసరాలకు మార్చడాన్ని నిషేధించి, ఇంధనపన్ను నుంచి భూయజమానులకు చెల్లింపులు ఏర్పాటు చేసిన 1996 నాటి అటవీచట్టం మరొకటి. ఆ కీర్తిని తీగకు కట్టబెట్టడం సరికాదు.

పైగా నిలబడి ఉన్న అడవి అంతా క్షేమంగా ఉన్న అడవి కాదు. మోంటెవెర్డేలో మాత్రమే జీవించిన బంగారు కప్పను జే సావేజ్ 1966లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1987లో 1,500కు పైగా కప్పలు జతకట్టే గుంటల దగ్గర కనిపించాయి. మరుసటి ఏడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. 1989లో ఒక్కటి. ఆ తరవాత ఎవరికీ కనిపించలేదు. 2004లో అది అంతరించినట్లు ప్రకటించారు. ఇదంతా గొడ్డలి తగలని రక్షితారణ్యంలో, చెట్లన్నీ పచ్చగా ఉండగానే జరిగింది. అలాన్ పౌండ్స్, ఆయన సహచరులు 1999లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1970ల నుంచి ఎండకాలంలో మంచు పట్టని రోజులు అక్కడ పెరుగుతూ వచ్చాయి. మబ్బు పైకి జరుగుతున్నది. కొమ్మల మీది నాచు ఆ మబ్బు మీదే ఆధారపడి బతుకుతుంది. అది ఎండుతున్నదో లేదో తీగ మీద నుంచి తెలియదు.

నాడ్కర్ణి అదే అడవిలో ఒక ప్రయోగం చేసింది. కొన్ని కొమ్మల మీది నాచును, మట్టిని పూర్తిగా తొలగించి, అవి తిరిగి ఎంతకాలానికి వస్తాయో ఏటేటా తాడెక్కి చూసింది. మొదటి కొన్నేళ్లు దాదాపు ఏమీ పెరగలేదు. తరవాత మొలక మొదలైంది కొమ్మ పైభాగాన కాదు, అడుగుభాగాన. 2015లో వాషింగ్టన్ రాష్ట్రంలో క్షేత్రపరిశోధన చేస్తుండగా ఆమె తాడు విఫలమై సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి నేలపై పడి తీవ్రంగా గాయపడింది. కోలుకున్నాక తిరిగి చెట్లెక్కింది.