పొగగొట్టం ఎందుకంత పొడవు?

పొగాకు మన దేశానికి పోర్చుగీసువారి వెంట వచ్చిందని బడిపిల్లలకు కూడా తెలుసు. దాంతోపాటే పొగ పీల్చే గొట్టమూ వచ్చి ఉంటుందని సులువుగా అనేసుకుంటాం. చరక సంహిత సూత్రస్థానంలోని అయిదో అధ్యాయం అందుకు ఒప్పుకోదు. రోజూ పాటించవలసిన అలవాట్లు చెబుతూ, కంటికి అంజనం పెట్టుకోవడం గురించి ముగించాక, ఆ అధ్యాయం ధూమపానంలోకి దిగుతుంది. చందనం, అగరు, గుగ్గులు, ఏలకులు, వట్టివేరు, జటామాంసి, మర్రి, మేడి, రావి బెరళ్లు వంటివాటిని నూరి రెల్లుపుల్లకు పట్టించాలి. బొటనవేలంత లావున, ఎనిమిది వేళ్ల వెడల్పంత పొడవున వత్తి చేసి, ఎండాక పుల్లను లాగెయ్యాలి. ఆ వత్తికి నెయ్యి వంటి జిడ్డు పూసి, ధూమనేత్రమనే గొట్టానికి పెట్టి ముట్టించాలి. వస్తి (ఎనిమా) చికిత్సకు వాడే గొట్టాన్ని వేటితో చేస్తారో దీన్నీ వాటితోనే చేయమన్నాడు గ్రంథకర్త. వైద్యుడి సంచిలో అదీ ఒక పనిముట్టే అన్నమాట, విలాస వస్తువు కాదు.

అయితే ఆ గొట్టానికి చెప్పిన కొలతలు చూడాలి. తలలోని దోషాన్ని వదిలించే ఘాటైన పొగకు 24 అంగుళులు, జిడ్డు కలిసిన పొగకు 32, రోజువారీ పొగకు 36. అదీ ఎవరి వేళ్లతో వాళ్లు కొలుచుకోవాలి. అంటే పొట్టి గొట్టమే అడుగున్నర దాకా ఉంటుంది, పొడుగుది రెండడుగులు దాటుతుంది. గొట్టం తిన్నగా ఉండాలి, మూడు కణుపులు ఉండాలి, కొసన రంధ్రం రేగుగింజంత ఉండాలి. ఇంత పట్టింపు ఎందుకో గ్రంథమే కారణం చెబుతుంది: దూరం నుంచి వచ్చి, కణుపుల దగ్గర వేగం తగ్గి, గొట్టంలో పలచబడిన పొగ ఇంద్రియాలను బాధించదట. మందు బలంగా పనిచేయవలసిన చోట గొట్టం పొట్టిది, రోజూ పీల్చే చోట పొడుగుది. ఇదొక్కటే అయితే మంచి పనివాడి తెలివి అని ఊరుకోవచ్చు. కానీ ఆ వాక్యంలోనే మాత్ర, కాలం అన్న మరో రెండు షరతులు ఉన్నాయి. రోజువారీ పొగ రెండు వేళలకు మించరాదు, జిడ్డు పొగ ఒక్కసారే, ఘాటు పొగ మూడు నాలుగు సార్లు. పీల్చేది కూడా మూడేసి దమ్ముల చొప్పున మూడు విడతలే. వేళ తప్పినా, మోతాదు మించినా చెవుడు, గుడ్డితనం, మూగతనం, రక్తపిత్తం (నెత్తురు కారే జబ్బు), తల తిరగడం వస్తాయని హెచ్చరిక. మరో ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడైతే పద్దెనిమిదేళ్లు నిండనివారికి ధూమపానం వద్దన్నాడు. పొగాకు అమ్మకానికి మన చట్టం పెట్టిన వయసూ అదే కావడం కాకతాళీయమే అయినా, చూడ ముచ్చటగా ఉంది.

ఇది చదివి హుక్కా కూడా మనదేనని చంకలు గుద్దుకునేవారు ఉంటారు. మరోపక్క, వైద్యుల వత్తికీ పొగాకుకూ ఏం సంబంధమని కొట్టిపారేసేవారూ ఉంటారు. నా వాదానికి ఆ వంశవృక్షం అక్కర్లేదు. ధూమనేత్రం నుంచి హుక్కా పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. వేడి పొగ గొంతును కాల్చడం అన్ని కాలాల్లోనూ ఒకటే కాబట్టి, ఎవరికి వారే దాన్ని మచ్చిక చేసుకునే ఉపాయం వెతికారు. బీజాపూరు నుంచి తిరిగివెళ్లిన రాయబారి అసద్ బేగ్ 1604 ప్రాంతంలో అక్బరు ముందు పెట్టిన గొట్టాన్నే చూడండి. అచేహ్ నుంచి తెప్పించిన కాడ, మూడు మూరల పొడవు, కొసలకు రత్నాలు, మీనా పని, నోటి దగ్గర యెమెన్ అకీకు రాయి. నీటి ప్రస్తావన లేదు. పొగను చల్లార్చే భారమంతా పొడవు మీదే ఉంది. మన వైద్యులు దీని గురించి ఏమీ రాయలేదని ఆస్థాన హకీము అడ్డు చెప్పాడు. అక్బరు మాత్రం రెండు మూడు దమ్ములు పీల్చాడు. హుక్కాను కనిపెట్టింది అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫతహ్ గీలానీ అని ఒక ప్రచారం ఉంది. ఆయన 1589లోనే పోయాడు. బతికున్న హకీములకే కొత్తయిన పొగాకు కోసం పదిహేనేళ్ల ముందే పోయిన హకీము నీటికుండ సిద్ధం చేశాడనడం కొంచెం కష్టం. అయినా ఆ కథ ఒక వైద్యుడి పేరునే ఎంచుకుంది. హుక్కా నీరు పొగకు వైద్యం చేస్తుందన్న జనం నమ్మకమే అందులో వినిపిస్తుంది.

ఆ నమ్మకమే దక్కనులో కళ అయింది. నిజాం రాజ్యంలో భాగమై ఉండిన బీదరులో తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోట మట్టితో నల్లబరచిన హుక్కా కుండలు మొదట గుండ్రంగా ఉండేవి. దొర్లకుండా వాటిని చుట్ట కుదురు మీద నిలపాల్సి వచ్చేది. పద్దెనిమిదో శతాబ్దానికి అడుగు వెడల్పైన గంట ఆకారం వచ్చింది. నిలకడగా కూర్చునే కుండ, వంగే పొడవైన గొట్టం, నిప్పు మార్చడానికి ఒక నౌకరు. ఇవన్నీ కలిసి తాగేవాణ్ణి గంటల తరబడి కదలనివ్వవు. సరిగ్గా ఇక్కడే చరకుడి సూత్రం రెండు ముక్కలైంది. గొట్టం మిగిలింది, మాత్ర పోయింది. పొగ మెత్తబడ్డ కొద్దీ ఆగవలసిన అవసరం గొంతుకు తెలియదు. నీరు పొగను చల్లార్చగలదు గానీ కార్బన్ మోనాక్సైడును పట్టి ఉంచలేదు. గంటసేపు హుక్కా పీల్చేవారు ఒక సిగరెట్టుకు 100 నుంచి 200 రెట్ల పరిమాణంలో పొగ లోపలికి తీసుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హెచ్చరించింది.

గొట్టం గురించిన ఈ వాదానికి గట్టి అభ్యంతరం తెలుగు నేల నుంచే రావాలి. గొట్టం అంత ముఖ్యమైతే, తరతరాలుగా చుట్ట తాగిన మనవాళ్లు ఏ గొట్టం వాడారు? 1670లలో కోరమాండల్ తీరం తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, ఇక్కడి జెంటూలు, అంటే తెలుగువాళ్లు, ఆకునే చుట్టి ఒక కొస ముట్టించి రెండోది పెదవుల మధ్య పెట్టుకుంటారని రాశాడు. అది నాసిరకం పద్ధతే అయినా అసలు మొదటి పద్ధతి అదేనేమో అని కూడా అన్నాడు. హుక్కాకు నౌకరు కావాలి. చుట్టకు పంచె మడత చాలు. కూలికి వెళ్లేవాడు నీటికుండ మోసుకుపోలేడు కదా. కానీ చుట్టలో గొట్టం లేదనడం పొరపాటు. నిప్పుకూ పెదవికీ మధ్య ఇంకా కాలని ఆకే దాని గొట్టం. కాలేకొద్దీ అది పొట్టిదవుతుంది, పొగ ఘాటవుతుంది, చివరి ముక్కను పారేస్తారు. ఆ దూరం ఎంత విలువైనదో శ్రీకాకుళం, విశాఖ తీరాల అడ్డపొగ చూపిస్తుంది. అక్కడ ముఖ్యంగా ఆడవాళ్లు ముట్టించిన కొసనే నోట్లో పెట్టుకుని తాగుతారు. నిప్పుకూ అంగిటికీ మధ్య దూరమే ఉండదు. ఆ ప్రాంతంలో అంగిటి క్యాన్సరు ఎక్కువని గత శతాబ్దపు రెండో సగంలో జరిగిన పరిశోధనలు పదేపదే తేల్చాయి. కాబట్టి పొడవు గురించి పాతవాళ్లు చెప్పింది ఉత్త ఊహ కాదు. వేడి విషయంలో వాళ్లు చెప్పింది నిజమే.

ఆకులూ మూలికలూ కాల్చుకోవడానికంటూ ఇప్పుడు అమ్ముడయ్యే చేతి గొట్టాలు చాలావరకు అరచేతిలో ఇమిడే గాజువి. చరకుడి లెక్కలో అతి ఘాటైన మందుకు కూడా ఇంత పొట్టిది పనికిరాదు. పొగాకు లేని మూలిక కాబట్టి హాని లేదనే మాట వాటితో పాటే అమ్ముడవుతోంది. ఏ ఆకు కాలినా తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. గొట్టం గాజుదా, మట్టిదా, ఇత్తడిదా అన్న ఎంపిక వాటిని తగ్గించదు. చందనమూ ఏలకులూ కాల్చిన వైద్యుడే తొమ్మిది దమ్ముల దగ్గర ఆపమన్నాడు, మించితే నెయ్యి తాగించి నస్యం (ముక్కులో మందు) వేయమన్నాడు.