కాలువ పడవ కథ

ధవళేశ్వరం ఆనకట్ట అనగానే మనకు పొలానికి పారే నీరే గుర్తుకొస్తుంది. కాని 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట మనకు నీటిబాటలు కూడా ఇచ్చింది. పడవలు నడవాలనే ఆర్థర్ కాటన్ దొర ప్రధాన కాలువలకు లాకులు పెట్టించాడు. బండి చక్రం దిగబడే నల్లరేగడిలో ధాన్యం బస్తాలకు పడవే దారి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ. అదీ సాగకుంటే గట్టున నడుస్తూ తాడుతో లాగడమే.

పడవ కట్టే నేర్పు మన తీరానికి అంతకంటె పాతది. కోరంగిలో ఓడలే కట్టేవారు. 1839 నాటి ఉప్పెన ఆ రేవును దెబ్బతీసినా, పక్కనున్న తాళ్లరేవులో ఆ పని నిలిచింది.

తరువాత రోడ్లూ, లారీలూ వచ్చి సరుకుల పడవలు కాలువలు విడిచాయి. అయినా వరద వస్తే లంక గ్రామాలకు పడవే దిక్కు గదా! కనుక నాటు పడవ ఉన్నవారు వేసవిలోనే గట్టెక్కించి నీడన ఆరబెట్టండి. మండుటెండలో పలక పగులుతుంది. పుచ్చిన పలక మార్చి, సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం, నూనె కాచి పూయండి. తిరిగి నీట దింపితే చెక్క ఉబ్బి సందు బిగుస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చాక వడ్రంగిని వెతికితే లాభం లేదు.