పిన్‌బాల్ బల్ల కింది చరిత్ర

పిన్‌బాల్ యంత్రాన్ని పైనుంచి చూసేవాళ్లకు రంగుల దీపాలు, మోగే గంటలు, పరుగెత్తే ఉక్కుబంతి కనిపిస్తాయి. పాత యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుని బాగుచేసుకునేవాళ్లు మొదట చేసే పని వేరు. గాజుపలకను జాగ్రత్తగా జార్చి పక్కన పెడతారు, ఆటచెక్కను పైకెత్తి నిలబెడతారు. 1960ల నాటి యంత్రమైతే చెక్క అడుగునా పెట్టె లోపలా గుడ్డ చుట్టిన తీగల కట్టలు, రాగిచుట్టల కాయిళ్లు, పదుల కొద్దీ రిలేలు, వందల కొద్దీ సన్నటి స్విచ్ రేకులు. ఒక్క చిప్పు కూడా ఉండదు. ఎవరి వంతు వచ్చింది, ఎన్నో బంతి నడుస్తోంది, ఎన్ని పాయింట్లయ్యాయి అన్న లెక్కంతా ఆ రేకులూ పళ్లచక్రాలే చూసుకుంటాయి.

ఈ ఆట చరిత్రను పేరున్న యంత్రాల వరుసగా చెప్పడం మామూలు. స్క్రూడ్రైవర్ పట్టినవాడి వైపు నుంచి చూస్తే మాత్రం అది విడిభాగాల చరిత్ర. ప్రతి భాగం వెనకా ఒక చిక్కుంది, దాన్ని విప్పిన మనిషీ ఉన్నాడు.

కుడిచేతి వైపున ఉండే ప్లంజర్ అన్నిటికన్నా పాతది. ఫ్రాన్సులో సంపన్నుల విందుల్లో పేరు తెచ్చుకున్న బాగటెల్ ఆటలో బంతిని కర్రతో పొడిచేవారు. అమెరికాలో సిన్సినాటి నగరంలో ఉంటున్న మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ 1871లో ఆ కర్రను తీసేసి, స్ప్రింగు బిగించిన ప్లంజర్‌కు పేటెంటు పొందాడు. ఇప్పటికీ కొత్త యంత్రాల్లో చాలావాటికి ఉన్నది ఆ ఏర్పాటే.

ఆట వీధిలోకి వచ్చింది మాంద్యం రోజుల్లో. షికాగోలో డేవిడ్ గాట్లీబ్ 1931లో 'బాఫిల్ బాల్' తయారుచేసి 17.50 డాలర్లకు అమ్మాడు. దుకాణం గల్లా పక్కన ఇమిడేంత చిన్న పెట్టె, కరెంటు లేదు, కాళ్లు లేవు. ఒక్క సెంటు వేస్తే అయిదు నుంచి ఏడు బంతులు. పని దొరకని జనానికి అంత చవకైన కాలక్షేపం మరొకటి లేకపోయింది. 50,000కు పైగా పెట్టెలు అమ్ముడయ్యాయి. గిరాకీకి తగినంత సరుకు అందక రేమండ్ మలోనీ అనే పంపిణీదారు తానే 'బాలీహూ' అనే ఆటను బయటికి తెచ్చాడు. బాలీ కంపెనీ పేరు అందులోంచి వచ్చిందే.

జనం ఆడడం మొదలుపెట్టగానే పెట్టెను కుదపడమూ మొదలుపెట్టారు. హారీ విలియమ్స్ అనే యువ రూపకర్త 1932లో తన 'అడ్వాన్స్' యంత్రాన్ని ఒకడు అడుగునుంచి చరిచి పాయింట్లు కొట్టేయడం చూశాడు. ఒళ్లు మండి మొదట పెట్టె అడుగున మేకులు దిగ్గొట్టాడు. తర్వాత కోపం తగ్గి, ఆలోచన పనిచేసింది. చిన్న పీఠం మీద ఒక గోళీని నిలబెట్టాడు. పెట్టెను గట్టిగా కుదిపితే అది జారిపడుతుంది, ఆట ముగిసిపోతుంది. కొన్నాళ్లకు దాని చోట లోహపు వలయం మధ్య వేలాడే లోలకం వచ్చింది. వలయానికి లోలకం తగిలితే 'టిల్ట్'. తొంభై ఏళ్లుగా ఆ లోలకం దాదాపు అలాగే ఉంది. దాన్ని ఎంత సున్నితంగా అమర్చాలన్నది ఇప్పటికీ ప్రతి యజమానీ తన చేత్తో తేల్చుకునే విషయం. మరీ బిగిస్తే ఆటగాడు ఊపిరి పీల్చినా ఆట ఆగిపోతుంది, మరీ వదిలేస్తే ఆటలో నేర్పుకు విలువుండదు.

ఆటకు కరెంటు తెచ్చినవాడూ విలియమ్సే. 1933లో వచ్చిన 'కాంటాక్ట్' బ్యాటరీతో నడిచేది. గుంటలో పడ్డ బంతిని కాయిల్ బయటికి తన్నేది, గంట మోగేది. కాయిల్, స్విచ్, గంట: ఆ మూడూ వచ్చాక పిన్‌బాల్ చెక్కపెట్టెగా మిగల్లేదు, యంత్రమైంది. యంత్రమయ్యాకే మరమ్మతు చేసేవాడి అవసరం పడింది.

అంతలో చట్టం అడ్డుపడింది. అప్పటి ఆటలో ఆటగాడు చేయగలిగినవి రెండే: బంతిని వదలడం, పెట్టెను కాస్త కుదపడం. మిగతాదంతా అదృష్టం. కొన్ని యంత్రాలు గెలిచినవాడికి డబ్బు చెల్లించేవి కూడా. న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లా గార్డియా ఇది పిల్లల జేబులు కొట్టే జూదమని, దీని వెనక ముఠాలున్నాయని పోరాడి 1942 జనవరిలో నిషేధం తెచ్చాడు. పోలీసులు వేలాది యంత్రాలను పట్టుకుపోయారు. మేయర్ స్వయంగా నిలబడి వాటిని పగలగొట్టించాడు. షికాగో, లాస్ ఏంజెలెస్ నగరాల్లోనూ నిషేధాలు ఉండేవి. మేయర్ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ సమ్మెట దెబ్బలకు యుద్ధానికి ముందటి పనివాళ్ల చేతిపని ఎంతో తుక్కుగా పోయింది. ఆ కాలపు యంత్రం చెక్కుచెదరకుండా దొరికితే సేకరించేవాళ్లు పండగ చేసుకోవడానికి అదీ ఒక కారణం.

ఆటకు అసలైన నేర్పు 1947లో వచ్చింది. గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ రూపొందించిన 'హంప్టీ డంప్టీ'లో ఆటగాడు బటన్ నొక్కి బంతిని తిప్పికొట్టే ఫ్లిప్పర్లు మొట్టమొదట అమిరాయి. పక్కకు మూడు చొప్పున ఆరు. వాటిలో బలం మాత్రం తక్కువ.

ఇక్కడ స్టీవ్ కోర్డెక్ గురించి నిలబడి చెప్పుకోవాలి. 1937లో షికాగోలో వాన కురుస్తుంటే గొడుగు లేక ఒక భవనం వసారాలో తలదాచుకున్నాడు. అది జెంకో అనే పిన్‌బాల్ కంపెనీ. పని కోసం వచ్చావా అని అక్కడివాళ్లు అడిగితే అవునన్నాడు. పదేళ్లకు, 1948 జనవరి ప్రదర్శన ముంగిట, ప్రధాన రూపకర్త జబ్బుపడడంతో యంత్రం తయారీ కోర్డెక్ మీద పడింది. పొదుపు ఒంటపట్టిన మనిషి కాబట్టి ఆరు ఫ్లిప్పర్లు దండగ అనుకున్నాడు. రెండే పెట్టి, వాటిని చెక్క అడుగు కొసకు దించి, డైరెక్ట్ కరెంటుతో బలం పెంచాడు. ఆ 'ట్రిపుల్ యాక్షన్' చూపిన దారిలోనే, కింద రెండు ఫ్లిప్పర్లతో, ఆ తర్వాతి ఆటల్లో చాలావరకు నడిచాయి. కోర్డెక్ నూరేళ్లు నిండాక 2012లో చనిపోయాడు. అతని చేతి మీదుగా వందకు పైగా ఆటలు వచ్చాయి.

ఫ్లిప్పర్ కాయిల్‌ను విప్పి చూడడం ఈ అభిరుచిలో అక్షరాభ్యాసం లాంటిది. అందులో రెండు చుట్లుంటాయి. లావు తీగ చుట్టు బంతిని బలంగా కొడుతుంది, సన్న తీగ చుట్టు ఫ్లిప్పర్‌ను పైకి నిలిపి ఉంచుతుంది. ఫ్లిప్పర్ పైకంటా లేవగానే ఒక చిన్న స్విచ్ తెరుచుకుని లావు చుట్టుకు కరెంటు తగ్గిస్తుంది. అది తెరుచుకోకపోతే కాయిల్ కాలిపోతుంది. దాని రేకులు మసిబారితే ఫ్లిప్పర్ నీరసిస్తుంది. పాత యంత్రాల్లో ఆ రేకుల్ని సన్నటి ఆకురాయితో రుద్దొచ్చు. 1977 తర్వాతి యంత్రాల ఆటచెక్క మీద ఉండే స్విచ్‌లను అలా రుద్దితే వాటి బంగారు పూత లేచిపోతుంది, అక్కడ శుభ్రమైన గట్టి కాగితం దూర్చి లాగితే చాలు. కాయిల్ గొట్టంలో నూనె ఎప్పుడూ వేయకూడదు. దుమ్ముతో కలిసి జిగురై కదలిక కట్టేస్తుంది.

న్యూయార్క్ నిషేధం ఎత్తేయించింది కూడా ఒక ఆటే. 1976 ఏప్రిల్‌లో నగర సభ్యుల సంఘం ముందు పత్రికా రచయిత రోజర్ షార్ప్ యంత్రం దగ్గర నిలబడ్డాడు. తెచ్చిన యంత్రంలో ఏదో కిటుకు ఉందన్న అనుమానంతో ఒక సభ్యుడు పక్కనున్న రెండో యంత్రం మీద ఆడమన్నాడు. షార్ప్ ఫ్లిప్పర్లతో గురిచూసి కొట్టాడు. చివరికి, ప్లంజర్ లాగి వదిలితే బంతి పైనున్న నడిమి దారిలోంచే దిగుతుందని ముందే చెప్పి, వదిలాడు. దిగింది. సంఘం నిషేధం తీసేయడానికి ఒప్పుకుంది. అందులో అదృష్టం పాలు ఎంతో ఉందని షార్ప్ తర్వాత తానే అన్నాడు. అయినా ఆ రోజు గెలిచిన వాదన సరైనదే. ఫ్లిప్పర్ వచ్చాక ఇది నేర్పుతో ఆడే ఆట.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిలేలు పోయి చిప్పులు వచ్చాయి. 1979లో విలియమ్స్ కంపెనీ 'గోర్గార్' మాట్లాడే మొదటి పిన్‌బాల్. మరమ్మతు చేసేవాళ్లకు కొత్త శత్రువు కూడా దొరికింది. ఆ కాలపు బాలీ బోర్డుల్లో స్కోర్లు గుర్తుండడానికి ఒక చిన్న రీచార్జి బ్యాటరీని సోల్డర్ చేసి పెట్టారు. ఏళ్లు గడిచే కొద్దీ అందులోంచి కారిన క్షారం రాగి దారుల్ని తినేసింది. అలాంటి యంత్రం కొన్నవాళ్లు ఆన్ చేయకముందే ఆ బ్యాటరీని కత్తిరించి తీసేస్తారు. మరక ఉన్నచోట వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతారు. ఇప్పుడు బ్యాటరీ అక్కర్లేకుండానే జ్ఞాపకం నిలిచే చిప్పులు దొరుకుతున్నాయి.

1992లో ప్యాట్ లాలర్ రూపొందించిన 'ఆడమ్స్ ఫ్యామిలీ' 20,270 యంత్రాలు అమ్ముడైంది. ఆ శిఖరం నుంచి పతనం వేగంగా జరిగింది. గాట్లీబ్ పేరుతో నడిచిన కర్మాగారం 1996లో మూతపడింది. వీడియో తెరను ఆటచెక్కతో కలిపిన 'పిన్‌బాల్ 2000' ప్రయోగం చేసి కూడా విలియమ్స్ 1999 అక్టోబరులో ఈ వ్యాపారం మానేసింది. గ్యారీ స్టెర్న్ కంపెనీ ఒక్కటే మిగిలింది. మరో పెద్ద తయారీదారు రావడానికి జెర్సీ జాక్ 2011లో మొదలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ నడిమి పదేళ్లూ ఆటను నిలబెట్టింది కర్మాగారాలు కాదు. ఎక్కడో షెడ్డులో మూలపడ్డ పెట్టెలను కొని, రబ్బరు రింగులు మార్చి, ఆటచెక్కకు మైనం పట్టించి, విరిగిన సోల్డర్లను తిరిగి కరిగించి నడిపించినవాళ్లు. కొందరి ఇళ్లల్లోని సేకరణలు ప్రజల ముందుకు వచ్చాయి. మిషిగన్‌లో ఆర్కేడ్ నడిపిన టిమ్ ఆర్నాల్డ్ లాస్ వేగస్‌కు మారి 2006లో 'పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్' తెరిచాడు. అక్కడ యంత్రాలను తాళ్ల వెనక చూసి వెళ్లనక్కర్లేదు, నాణెం వేసి ఆడొచ్చు. మిగులు డబ్బు దానధర్మాలకు వెళ్తుంది. కాలిఫోర్నియాలోని అలమీడాలో 'పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం' ఉంది. లోపలి పని కనపడేలా వాళ్లు పారదర్శకమైన యంత్రాన్నే తయారుచేశారు. హంగరీలో బుడాపెస్ట్ నేలమాళిగలో మరో పెద్ద సేకరణ ఉంది.

ఈ అభిరుచిలో తెగని తగువు ఒకటుంది. పాత యంత్రపు ముఖం, అంటే వెనక నిలబడే బొమ్మల గాజు, వెనకవైపు నుంచి రంగు వేసినది. లోపలి బల్బుల వేడికి, తేమకు ఆ రంగు పొరలుగా లేస్తుంది. ఎల్‌ఈడీలు పెడితే వేడి తగ్గి బొమ్మ నిలుస్తుంది, కానీ ఆ కాలపు పసుప్పచ్చటి వెలుగు పోతుంది. పాత బల్బులే ఉంచాలనేవాళ్లూ ఉన్నారు, ఎల్‌ఈడీలే మేలనేవాళ్లూ ఉన్నారు. వెనక గాజు దగ్గర ఎల్‌ఈడీ పెట్టడమే న్యాయం: బల్బును రేపు మళ్లీ మార్చుకోవచ్చు, రాయ్ పార్కర్ లాంటి చిత్రకారుడు గాట్లీబ్ కోసం గీసిన బొమ్మ లేచిపోతే తిరిగి రాదు. చెక్క విషయంలో జవాబు అంత తేలిక కాదు. బంపర్ల చుట్టూ బంతి అరగదీసిన చోట కొత్త చెక్క వేయాలా, చేత్తో రంగులద్దాలా, అరుగుదలను అలాగే ఉంచి మైనం మాత్రం పూయాలా అన్నది ప్రతి యంత్రం దగ్గరా మళ్లీ కొత్తగా తేల్చుకోవాల్సిందే.