పుట్టి

వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, నీరు చొరకుండా వెలుపల తోలో పట్టానో బిగించిన పడవ పుట్టి. నిఘంటువుల్లో దీన్నే హరిగోలు, అరిగోలు అన్నారు. ఇరవై తూముల ధాన్యపు కొలతకూ ఇదే పేరు. నంద్యాల జిల్లా ఉత్తర సరిహద్దులో, శ్రీశైలం జలాశయపు వెనుక జలాల్లో చేపల వేటకు పుట్టీలు వాడతారు. ఏటా నెలల తరబడి ఆ నీటిలో మునిగి తేలే సంగమేశ్వరాలయంలో మూలవిరాట్టు వేపదారు లింగం. నీటికీ కర్రకూ ఇక్కడున్న చుట్టరికం పాతది.

విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటించే పుట్టీలను చూశాడు. అవి పదిహేను ఇరవై మందిని మోసేవని, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ ఎక్కేవని, తిన్నగా పోలేక తిరుగుతూ సాగేవని రాశాడు. ఈ రాజ్యపు ఏరుల్లో వేరే పడవలే లేవని కూడా అన్నాడు. ఏటి అడుగును చూస్తే కారణం అర్థమవుతుంది. తుంగభద్రలోనూ ఎగువ కృష్ణలోనూ అడుగడుగునా బండరాళ్లు. పలకల పడవ అడుగు రాయికి తగిలితే పగులుతుంది, పుట్టి తగిలిన చోట వంగి జారుకుంటుంది. జానెడు లోతు నీరున్నా తేలుతుంది, నీరు లేని చోట బోర్లించి నెత్తిన పెట్టుకుని నడవొచ్చు. 1803లో మరాఠాల మీద దండు నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా నదులు దాటడానికి బుట్ట పడవలే చేయించాడు.

అల్లిక నేల మీద మొదలవుతుంది. గుల్ల తక్కువగా, గట్టిగా ఉండి వంచితే వంగే సాధన వెదురు దీనికి మేలు. నిలువునా చీల్చిన బద్దలను జట్లు జట్లుగా ఒకదానిపై ఒకటి దాటించి చుక్క ఆకారంలో పరిచి, కూడలి కదలకుండా రాళ్లు పెడతారు. అడుగు అల్లడం అయ్యాక కొసలను పైకి వంచి, చుట్టూ సన్న బద్దలు అల్లుకుంటూ పోతారు. చేతి పనితనం తెలిసేది ఈ వంపు దగ్గరే. బాగా ఎండిన బద్ద విరుగుతుంది, మరీ పచ్చిదైతే ఆరాక అల్లిక వదులవుతుంది. ఎప్పుడు వంచాలో వేళ్లకు తెలియాలి. చివర్న అంచు చుట్టూ బద్దల కట్టను తాడుతో బిగిస్తారు. పుట్టి గుండ్రంగా నిలబడేది ఆ అంచు బలంతోనే. మొత్తం పడవలో ఒక్క మేకు ఉండదు.

వెనకటికి పైన పచ్చి గేదె తోలు కప్పేవారు. తర్వాత గోనెపట్టా, తారు వచ్చాయి, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు. తారు పూత మళ్లీ మళ్లీ వేయాలి, విరిగిన బద్ద తీసి కొత్తది దూర్చాలి. పుట్టిని బాగుచేయాలంటే అల్లడం వచ్చి ఉండాలి. అందుకే ఈ విద్యను మ్యూజియంలో పెట్టిన ఒక్క పుట్టి కాపాడలేదు. ఇదే జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన రాయి వందల ఏళ్లు నిలిచి తన పని తానే చెప్పుకుంటుంది, ఆ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుట్టి మాత్రం కొన్ని వేసవులు గడిచేసరికి పొయ్యిలోకి పోతుంది. ఫైబర్ పుట్టీలు వచ్చాక వెదురు పుట్టి లేని లోటును ఎవరూ గమనించడమూ లేదు.

ఇలాంటి పడవలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. ఇరాక్‌లో కుఫ్ఫా అనే పడవకు తారు పూసేవారు. వియత్నాం తీరంలో వెదురు బుట్ట పడవలు నేటికీ సముద్రంలోకి వెళ్తున్నాయి. వేల్స్‌లోని టీఫీ నది మీద కొరాకిల్ అనే బుట్ట పడవతో చేపలు పట్టడానికి లైసెన్సులు ఇస్తారు. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా చేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణాది పుట్టీలను వీటి పక్కన పెట్టి పరిశీలించాడు.

నంద్యాల మీదుగా సాగే కర్నూలు-కడప కాలువను 1863 నుంచి తవ్వించిన కంపెనీ దాన్ని సాగుకే కాక పడవల రవాణాకూ ఉద్దేశించింది. ఆ రవాణా ఎప్పుడో ఆగిపోయింది. కాలువ గట్లు మాత్రం పుట్టికి కావలసిన వెదురు పెంచడానికి ఇప్పుడూ పనికొస్తాయి. పెద్దపులుల అభయారణ్యమైన నల్లమలలో వెదురు కొట్టడం, దాన్ని అల్లి బతికే మేదరులకు మునుపటంత సులువు కాదు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. కాలువ వెంబడి సాధన వెదురు నాటితే, ముదిరిన బొంగు కొన్నేళ్లలో మేదరి కత్తికి అందుతుంది.