గోడ మీద తాజ్‌మహలు

మా పెద్దమ్మ మనవరాలికి ఏడో నెల వస్తే, సూడిదలు పట్టుకుని భావనపాడు వెళ్ళాను. నౌపడా ఉప్పు మళ్ళు దాటి వెళ్తే సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. సావిడిలో అడుగు పెట్టగానే ఎదుట వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే అంతకన్నా పెద్ద తాజ్‌మహలు ఫోటో, అద్దం వేసి కట్టించినది. "పెళ్ళికి చదివించారు పిన్నీ, ప్రేమకి గుర్తట" అంది పిల్ల మురిసిపోతూ. నేను నవ్వి ఊరుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట అక్కడ అనలేదు, ఇక్కడ చెబుతున్నాను.

ఆ సమాధిలో ఉన్న ముంతాజ్ మహల్ పురిట్లో పోయింది. 1612లో పెళ్ళయింది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో పద్నాలుగు కాన్పులు, దక్కిన పిల్లలు ఏడుగురు. షాజహాన్ దక్కను యుద్ధాల మీద బుర్హాన్‌పూర్‌లో మకాం వేసినప్పుడు, నిండు నెలల మనిషి తనూ అక్కడే ఉంది. 1631 జూన్‌లో ఆడపిల్లను కని కన్ను మూసింది. అప్పటికి ముప్పయ్యెనిమిదేళ్ళు. ముందు అక్కడే తపతి నది ఒడ్డున ఒక తోటలో ఖననం చేసి, కొన్ని నెలలకి ఆగ్రా తరలించారు. మరుసటి ఏడు మొదలెట్టిన కట్టడం, చుట్టుపక్కలవన్నీ పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. మహారాజు గారి ప్రేమ అబద్ధమని నేననను. కానీ పద్నాలుగు కాన్పులు పడ్డదెవరండీ?

ఇంకో చిత్రం. తాజ్‌మహలుని మొదట్లో ఫోటోలు తీసిన వాళ్ళలో ముఖ్యుడు జాన్ మర్రే, ఆగ్రాలో పనిచేసిన కంపెనీ డాక్టరు. 1850ల్లో మైనం పట్టించిన కాగితాల మీద తీశాడు. ఆ పాత ఫోటోల్లో తోట నిండా గుబురుగా చెట్లు. వాటిని తగ్గించి పచ్చిక పరిపించింది లార్డ్ కర్జన్ వైస్రాయిగా ఉన్న రోజుల్లో, 1899కీ 1905కీ మధ్య. మన గోడల మీద కనిపించే ఆ శుభ్రమైన తోట షాజహాన్‌ది కాదు, దొరగారిది! వెనకనున్న యమున కూడా ఈ పటాల్లో కనపడదు. అందరూ సింహద్వారం వైపు నుంచి, నీళ్ళలో నీడ పడేలాగే తీస్తారు మరి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి కదా, ఆ యుద్ధకాలంలోనే తాజ్‌మహలు గుమ్మటానికి వెదురు పరంజా కట్టి కాపాడారు. ఆ ఫోటోలూ ఉన్నాయి. అవి మాత్రం ఎవరూ పటం కట్టించుకోరు.

పిల్ల ఇంట్లో పటం దింపి చూస్తే, వెనక అట్ట చెమ్మకి ఉబ్బిపోయింది, మేకులు తుప్పు పట్టాయి. సముద్రపు గాలి కదా! అట్ట మార్పించమని చెప్పి, సీసా బిరడా కోసి కింది మూలల్లో రెండు ముక్కలు అంటించాను. గోడకి ఆనకుండా గాలి ఆడుతుంది. ఫోటో ఎక్కడా చెడలేదు.

అన్నట్టు, పిల్ల మొన్న ఆస్పత్రిలో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.